మా వీధి ఫిలిప్పీన్ భాభీ

మొన్న పటమట రైతుబజారులో ఒకమ్మాయి రెండు చేతుల్లోనూ సంచులు పట్టుకుని నిలబడి, వంకాయల గుట్టని మూతితో చూపించి "అవెలా ఇస్తున్నావు?" అని అడిగింది. చేతులు ఖాళీ లేక అలా చూపించింది, అంతే. నేను మాత్రం బెండకాయల బేరం మరిచిపోయి నిలబడి నవ్వుకున్నాను. చేతులు ఖాళీగా ఉన్నా సరే, మూతి ముందుకు సాచి దాంతోనే దిక్కులు చూపించే మనిషి ఒకావిడ నాకు తెలుసు. పంచదార డబ్బా ఎక్కడుందని అడిగితే మూతి గూటివైపు తిరిగేది. బస్టాపు ఎటని అడిగితే మూతి రోడ్డువైపు తిరిగేది. వాళ్ళ దేశంలో అందరూ అంతేనట. కొత్తలో ఒకసారి, పచ్చిమిరపకాయల్ని అలా చూపించబోతే కూరలబండి అతను తనకి ముద్దు విసిరిందనుకుని తూకం రాళ్ళు కూడా వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మా పాత వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. భవానీపురంలో మేమున్న వీధికంతటికీ ఆవిడ ఫిలిప్పీన్ భాభీ. పిల్లలకీ భాభీయే, పిల్లల తాతలకీ భాభీయే. తర్వాత మేం పటమట మారిపోయాం, వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయారు. ఫోన్లు పండగలకి పరిమితమయ్యాయి. కానీ ఒక మనిషి ఒక దేశంలో ఉండటానికి ఎంత పాటుపడాలో నేను ఆవిడ పక్కన నడిచి నేర్చుకున్నాను. అదీ నేను పుట్టిన దేశంలోనే, మా ఊళ్ళోనే.

కువైట్ యుద్ధం వచ్చిన ఏడాది అది. మా పక్క వాటాలో ఉండే మామ్మగారి కొడుకు అక్కడ ఏసీ మెకానిక్. రెండు నెలలపాటు కబురు లేదు. మామ్మగారు నమాజుకీ నమాజుకీ మధ్య మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని, వార్తల్లో కనిపించే ప్రతి గడ్డం మనిషినీ "వీడేనా?" అని నన్ను అడిగేవారు. చివరికి ఒక మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. ఎడారి దాటి, ఇంకో దేశంలో గుడారాల్లో ఉండి, బొంబాయి మీదుగా రైలెక్కి వచ్చాడు. వీధి వీధంతా గుమిగూడింది. మామ్మగారు కొడుకుని కౌగలించుకుని ఏడ్చి, ఏడుపు మధ్యలో అతని భుజం మీదుగా చూసి ఆగిపోయారు. ఆటోలోంచి ఒక పొట్టి మనిషి దిగుతోంది. మోకాళ్ళ దాకా వేలాడే మగవాళ్ళ చొక్కా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి.

"అమ్మా, నీ కోడలు," అన్నాడు మెకానిక్ భాయ్, నేల చూపులు చూస్తూ. అంతకు ఏడాది ముందే పెళ్ళయిందట. ఇంటికి ఉత్తరం రాసే ధైర్యం మాత్రం యుద్ధం వచ్చేదాకా కూడా కుదరలేదట.

ఆ కొత్తమనిషి అందరి మొహాలూ చూసి పరిస్థితి గ్రహించి, గుండె మీద చెయ్యి వేసుకుని "అయ్ నాకూ!" అంది.

వాళ్ళ భాషలో అది మన "అయ్యో దేవుడా" లాంటి మాట. అది అప్పుడు మాకెవరికీ తెలీదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మామ్మగారు ఆ 'నాకు' విని, పిల్లకి తెలుగు వచ్చు కాబోలనుకుని గబుక్కున తెలుగులోకి దిగారు. "నీకేం కావాలే తల్లీ? మంచినీళ్ళా?" అని లోపలికి వెళ్ళి చెంబు తెచ్చారు. దాహంతో ఉన్న ఆ పిల్ల చెంబు ఎత్తి గటగటా తాగేసింది. కోడలిని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అన్న చర్చ జరగాల్సిన చోట జరగనే లేదు.

నేను కాన్వెంటులో ఇంగ్లీషు టీచర్ని కాబట్టి ఆ సాయంత్రమే నన్ను దుబాసీగా పిలిచారు. ఆవిడ కువైట్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించేదట. ఆ పార్లర్ ఏసీ బాగుచెయ్యడానికి ఈయన వచ్చాడట. ఆ ఏసీ తర్వాత తరచూ పాడయ్యేదట. ఎవరు పాడుచేసేవారని అడిగితే ఇద్దరూ ఒకరిమొహం ఒకరు చూసుకుని ఊరుకునేవారు.

తెలుగు ఆవిడకి మా ఇంటి గుమ్మం దగ్గరే వచ్చింది. మా అత్తవారిది గుడివాడ వైపు. మా ఇంట్లో భార్యాభర్తలు కూడా 'ఏమండీ', 'కాదండీ' తప్ప మాట్లాడుకోరు. దాంతో ఆవిడ 'అండీ' అనేది వాక్యం చివర పెట్టే చుక్క లాంటిదని నిర్ణయించుకుంది. చుక్క ఎవరికైనా పెట్టాల్సిందేగా. ఆరేసిన బట్టలు నములుతున్న మేకని "వద్దండీ, అది మా మామ్మగారిదండీ" అని బతిమాలేది. గోడమీద పిల్లిని "దిగండి" అనేది. ఓసారి నేను గది ఊడుస్తుంటే వంటింట్లోంచి ఒకటే కేక. "టీచర్ గారండీ! పాలుగారు పొంగిపోతున్నారండీ!"

అత్తాకోడళ్ళకి సయోధ్య కుదిర్చింది చింతపండు. వచ్చిన వారానికి మామ్మగారు కృష్ణలో పట్టిన చేపలు తెచ్చి పులుసు పెట్టారు. కోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కారం ఎక్కువైందనుకుని మామ్మగారు నీళ్ళు తోస్తున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, నావైపు తిరిగి, వాళ్ళమ్మ కూడా చేపల్ని చింతపండుతోనే వండుతుందని ఇంగ్లీషులో చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. మామ్మగారు ఇంకో రెండు ముక్కలు వేసి, "అయితే మీ అమ్మ మంచిదే," అన్నారు. ఆదివారాలు ఆవిడ గుణదల కొండకి వెళ్ళి మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. వీధిలో ఎవరో దాన్ని గురించి మామ్మగారి దగ్గర దీర్ఘం తీస్తే, "మరియమ్మ మా కితాబులోనూ ఉంది. వెళ్ళనీ, నీకేంటి?" అని ఒక్క మాటతో నోరు మూయించారు. రంజాన్‌లో కోడలు సమోసా రేకుల్లో చక్కెరకేళీ అరటిపండు, బెల్లం చుట్టి వేయించేది. ఇఫ్తారు వేళకి మా పిల్లలు కూడా ఉపవాసం ఉన్నవాళ్ళలా మొహాలు పెట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడేవారు.

ఇక అసలు సంగతి. ప్రాణాలతో బయటపడితే చాలని వచ్చేసిన మనిషి కదా, ఆవిడ ఈ దేశంలో ఉండటానికి అనుమతి కావాలి. భారతీయుడి భార్య కాబట్టి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోలీసు కమిషనరాఫీసులో విదేశీయుల సెక్షన్ ఒకటి ఉంది. మెకానిక్ భాయ్‌కి ఆఫీసులంటే చెమటలు, ఆవిడకి అప్పటికింకా తెలుగు అంతంతమాత్రం. తోడు ఎవరు? టీచర్ గారు.

అక్కడి ఇన్‌స్పెక్టర్ మొదటి ప్రశ్నే, "పెళ్ళికి రుజువేది?" అన్నాడు. రుజువు కువైట్‌లో వాళ్ళ గదిలో బీరువాలో ఉంది. గదే ఉందో లేదో తెలీదు. "అయితే ఇక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో మళ్ళీ చేసుకోండి," అని సలహా ఇచ్చాడు. నోటీసు పెట్టి, గడువు ఆగి, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. మొదటి పెళ్ళికి పిలవలేదన్న కోపం తీరేలా మామ్మగారు వీధంతటికీ బిర్యానీ పెట్టారు. సాక్షి సంతకం పెట్టి వస్తూ, "ఎలా ఉంది భాయ్, రెండో పెళ్ళి?" అని అడిగాను.

"గవర్నమెంటోళ్ళు తప్పించుకోడానికి నెలరోజులు ఛాన్సిచ్చారు టీచర్ గారూ, చేతులారా పోగొట్టుకున్నా," అన్నాడు. భాభీ అతని వీపు మీద ఒక్కటి చరిచి, "పాపమండీ," అంది.

అప్పటినుంచి ఏడాదికోసారి మా ఇద్దరికీ కమిషనరాఫీసు యాత్ర ఉండేది. ఉతికి గంజి పెట్టిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వి, పేరంటానికి వెళ్తున్నట్టు బయల్దేరేది. ఆవిడకి ఇంకో అలవాటుండేది. 'అవును' అని చెప్పడానికి నోరు తెరవదు, తల ఊపదు. రెండు కనుబొమలూ పైకి ఎగరేస్తుంది. రెండో ఏడాది ఇన్‌స్పెక్టర్ కాగితాలు తిరగేస్తూ అడిగాడు.

"మీ భర్త మీతోనే ఉంటున్నాడా?"

కనుబొమలు ఎగిరాయి.

"ఇద్దరూ ఒకే ఇంట్లోనేనా?"

మళ్ళీ ఎగిరాయి.

"ఏంటమ్మా, ఆఫీసరు అడుగుతుంటే కళ్ళెగరేస్తావేంటి?" అని ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"సార్ సార్, వాళ్ళ దేశంలో అవునంటే అలాగే అంటారండీ," అని నేను అడ్డం పడ్డాను. ఆయన నమ్మలేదు. భాభీ చాలా శ్రద్ధగా, బళ్ళో పిల్లవాడికి నేర్పినట్టు, "అవునండీ," అంటూ ఎగరేసి, "కాదండీ," అంటూ దించి చూపించింది. పక్క బల్ల గుమాస్తా చాటుగా ప్రయత్నించి చూసుకోవడం నేను చూశాను. ఆ తర్వాతి ఏడాది మేం వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ ఫోన్లో ఉన్నాడు. లోపలికి రావచ్చా అని గుమ్మంలో నిలబడి చూస్తే, కనుబొమలు ఎగరేశాడు.

ఈలోపు ఆవిడకి కూతురు పుట్టింది. మా అరుగు మీద ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టుకుని ఆడపిల్లలకి జుట్టు కత్తిరించడం మొదలుపెట్టింది. రెండు జడలు తప్ప ఎరగని భవానీపురానికి స్టెప్ కటింగ్ ఆవిడ చలవే. "అమ్మాయిగారండీ, కదిలితే చెవి పోతుందండీ," అని చల్లగా చెప్పేది. ఏ పిల్లా కదిలేది కాదు.

ఏటా తిరగడం చూసి ఇన్‌స్పెక్టర్‌కే విసుగొచ్చిందేమో, "ఒకేసారి ఐదేళ్ళకి పర్మిట్ పెట్టుకోండమ్మా. ఇంటికి ఎంక్వయిరీ వస్తుంది. కాపురం నిజమైనదో కాదో చూసి రిపోర్టు రాస్తారు. అంతే," అన్నాడు. దరఖాస్తు పెట్టాం. ఎంక్వయిరీ ఎప్పుడు వస్తుందో చెప్పరు. ఆ నెలంతా భాభీ ఇల్లు అద్దంలా పెట్టింది. వచ్చేవాడికి కనిపించాలని పెళ్ళి ఫోటో గుమ్మానికి ఎదురుగా కట్టించింది.

దసరా సెలవుల్లో ఒక ఉదయం. నేను మా వాకిట్లో పిండి వడియాలు పెడుతున్నాను. పక్క వాటాలోంచి ఒక సుత్తి వచ్చి వాకిట్లో పడింది. దాని వెనకాలే పానా, స్క్రూడ్రైవర్లు, రాగి గొట్టం చుట్ట వరసగా వచ్చి పడ్డాయి. ఆఖర్న మెకానిక్ భాయ్ ఒక కాలికి చెప్పుతో బయటికి వచ్చాడు. తలుపు ధడాలున మూసుకుంది. లోపల గడియ పడింది.

"వెళ్ళండి! మీకు బుద్ధి లేదండీ! మీరు గాడిదండీ!" అని లోపలినుంచి వినిపించింది.

సంగతేంటంటే, ఆ పొద్దున ఒక ఏజెంటు తాలూకు మనిషి వచ్చి, "భాయ్, మెడికల్ టెస్టుకి ఎల్లుండి మద్రాసు రావాలి," అని చెప్పిపోయాడు. మెకానిక్ భాయ్ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మళ్ళీ కువైట్ వెళ్ళడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. అతను డాబా మెట్ల మీద కూలబడ్డాడు. మామ్మగారు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, కొడుకు వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు.

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని మఫ్టీలో ఒక పెద్దాయన వచ్చాడు. చంకలో ఫైలు. "ఇక్కడ ఫారిన్ లేడీ ఒకావిడ ఉంటున్నారంట. ఎంక్వయిరీకొచ్చాను," అన్నాడు. హెడ్ కానిస్టేబులట.

లోపలినుంచే భాభీ అంది. "నేనేనండీ! నమస్కారమండీ! కూర్చోండి! తలుపు మాత్రం తియ్యనండీ!"

ఆయన వాకిట్లో పానాలు దాటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "మీ ఆయన ఎక్కడమ్మా?"

కిటికీ ఊచల మధ్యనుంచి మూతి బయటికొచ్చి మెట్ల వైపు తిరిగింది.

"ఆ మెట్ల మీదున్నాయనేనండీ," అని నేను విప్పి చెప్పాను.

"మీతోనే ఉంటున్నాడా?"

"నిన్నటిదాకా ఉన్నారండీ. ఇంక ఉండరండీ."

"అయ్యో సార్, ఆవిడకి తెలుగు సరిగ్గా రాదండీ..." అని నేను మొదలుపెట్టాను.

"వచ్చండీ! బాగా వచ్చండీ!" అంది లోపలినుంచి. "టీచర్ గారండీ, మీరు ఊరుకోండి. ఆయన నిజం రాసుకోవాలండీ." ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గింది. "చూడండి సార్. నేను ఈ దేశంలో ఎందుకున్నానండీ? ఈయన పెళ్ళాన్నని. ఏ ఆఫీసుకెళ్ళినా ఈయన పేరే అడుగుతారు. ఈయన కువైట్‌లో ఉంటే ఇక్కడ నేనెవర్నండీ? రేపు ఇంకో ఆఫీసరు వచ్చి మీ ఆయనేడీ అంటే, గోడ మీద ఫోటో చూపించాలా?"

హెడ్ కానిస్టేబుల్ మెట్ల వైపు చూశాడు.

"నేను పోయేది వీళ్ళ కోసమే కద సార్," అన్నాడు మెకానిక్ భాయ్. "పిల్ల పెద్దదవుతుంది. ఇక్కడ ఫ్రిజ్జులు బాగుచేస్తే ఏం మిగుల్తది?"

మామ్మగారు చింతపండు పళ్ళెం పక్కన పెట్టారు. "వాణ్ణి పోనియ్యండయ్యా. వీడి పెళ్ళాం నా దగ్గరుంటది. నా కోడలని రాస్కోండి."

"మామ్మా, నీకెట్టా చెప్పను? ఇందులో భర్తకి గడి ఉందిగానీ అత్తగారికి గడి లేదు."

"లేకపోతే గీసుకో. పెన్నుందిగా నీ దగ్గర," అన్నారావిడ.

ఆయనకి నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. కిటికీలో భాభీ కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. యుద్ధం నుంచి వచ్చిన రోజు కూడా ఆవిడ ఏడవగా నేను చూడలేదు. మెకానిక్ భాయ్ కూడా చూసినట్టున్నాడు. మెట్లు దిగి వచ్చి, వంగి ఒక్కొక్క పానా ఏరి డబ్బాలో పెట్టుకుంటూ, "పోనులేవే. తలుపు తియ్యి," అన్నాడు.

"నాకు కాదండీ. ఆయనకి చెప్పండి."

మెకానిక్ భాయ్ హెడ్ కానిస్టేబుల్ ముందు నిలబడ్డాడు. "సార్, నేను కువైట్ పోను. రాస్కోండి."

గడియ తీసిన చప్పుడయింది. ఆవిడ మొహం కడుక్కుని, కొంగు సర్దుకుని, ఏమీ జరగనట్టు అందరికీ టీ తెచ్చింది. ఆయన టీ తాగుతూ ఫైలు మీద ఏదో రాసుకున్నాడు. నేను గేటుదాకా వెళ్ళి, "ఇవాళ ఏదో చిన్న గొడవండీ, మామూలుగా చాలా బాగుంటారు," అన్నాను.

"మీరేం కంగారుపడకండి టీచరమ్మా," అన్నాడాయన. "దొంగ పెళ్ళిళ్ళోళ్ళని చూశాన్నేను. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులేసుకుని, నవ్వుతా నుంచుంటారు మన ముందు. ఇట్టా పానాలు విసురుకోరు."

ఐదేళ్ళ పర్మిట్ వచ్చింది. మెకానిక్ భాయ్ వన్‌టౌన్‌లో చిన్న రిపేరు షాపు పెట్టుకున్నాడు. కువైట్ మాట మళ్ళీ ఎత్తలేదు. మే నెలలో మాత్రం, బెజవాడ ఎండకి జనం పిట్టల్లా రాలిపోతుంటే, "ఇదేం ఎండ టీచర్ గారూ, ఎండంటే అక్కడ," అని కొంచెం గర్వంగా, కొంచెం బెంగగా అనేవాడు. భాభీ వినీ విననట్టు ఊరుకునేది.

ఐదేళ్ళూ గడిచేసరికి కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చదువుకున్న కుర్రాడు. ఆవిడ ఫైలంతా చూసి సంతోషపడిపోయాడు. "ఇన్నేళ్ళు ఉన్నారు కదమ్మా, మీరు ఏకంగా ఇండియన్ సిటిజనే అయిపోవచ్చు. ఇంకెప్పుడూ ఈ ఆఫీసు మొహం చూడక్కర్లేదు. మీ పాత పాస్‌పోర్టు వదులుకోవాలి, అంతే."

నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆవిడ కనుబొమలు కిందికి దిగాయి. "వద్దండీ. మళ్ళీ ఐదేళ్ళదే ఇవ్వండి."

ఇంట్లో తెలిసి మెకానిక్ భాయ్ మొహం మాడ్చుకున్నాడు. నన్ను కువైట్ పోనివ్వలేదు, తను మాత్రం దారి ఉంచుకుంది అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వీధిలో కూడా గుసగుసలు బయల్దేరాయి, ఎప్పటికైనా వెళ్ళిపోయే మనిషే అని. మామ్మగారు ఒక్కరే ఏమీ అనలేదు.

నేను ఉండబట్టలేక అడిగేశాను. ఇద్దరం డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్నాం.

"మా అమ్మ ఉందండీ ఇంకా," అంది, మిరపకాయల్ని కాలితో నెరుపుతూ. "అక్కడికి రోజూ వెళ్తానా? వెళ్ళనండీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి వెళ్ళాను. కానీ అమ్మ ఉన్న ఇంటికి వెళ్ళడానికి నేను వీసా అడగాలా? వాళ్ళు ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అంటే చెప్పాలా? ఈ దేశంలో అన్నీ చెప్పానండీ. ఎవరు అడిగినా చెప్పాను. అక్కడ మాత్రం తలుపు తోసుకుని వెళ్ళాలండీ."

నేను ఆ మాట మెకానిక్ భాయ్‌కి చేరవేశాను. అతను మర్నాడు ఆవిడకిష్టమని ఎండు మెత్తళ్ళు తెచ్చాడు. వాళ్ళ మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు.

భాభీ వాళ్ళమ్మ రెండు వేల మూడులో పోయింది. సాయంత్రం ఫోనొచ్చింది. వెళ్ళాలన్నా రెండు విమానాలు, ఒక ఓడ మారి చేరేసరికి అంతా అయిపోతుంది. భాభీ అరుగు మీద, పిల్లల జుట్టు కత్తిరించే కుర్చీలో కూర్చుండిపోయింది. మామ్మగారు నూనెగిన్నె తెచ్చుకుని వెనకాల నిలబడి ఆవిడ తల దువ్వడం మొదలుపెట్టారు. మామ్మగారికి అప్పటికే నడుం వంగిపోయింది, ఎక్కువసేపు నిలబడలేరు. అయినా ముడి విప్పి దువ్వి, మళ్ళీ విప్పి దువ్వి, వీధిలైట్లు వెలిగేదాకా అలా దువ్వుతూనే ఉన్నారు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం భాభీ మా ఇంటికొచ్చింది. గుణదల నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కొంగుకి ఇంకా కొవ్వొత్తి మైనం అంటుకుని ఉంది.

"టీచర్ గారండీ, సిటిజన్ కాగితాలు పెట్టేద్దామండీ ఇంక," అంది.

ఎందుకని నేను అడగలేదు.

ఢిల్లీ వెళ్ళి, తిరిగి, ఆ కాగితాలు పండటానికి చాలా కాలం పట్టింది. చివరికి బందరు కలెక్టరాఫీసుకి వచ్చి ప్రమాణం చెయ్యమని కబురొచ్చింది. ఇంగ్లీషులో చెయ్యవచ్చు, కానీ ఆవిడ తెలుగులోనే చేస్తానని పట్టుబట్టింది. వారం రోజులు మా ఇంట్లో సాధన. 'రాజ్యాంగం' బాగానే పలికేది. 'విధేయత' దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ నాలిక మడతపడేది. "భారత రాజ్యాంగం పట్ల విదేశీయత చూపుతాననీ..." అనేది గంభీరంగా.

"విదేశీయత చూపిస్తే మళ్ళీ వెనక్కి పంపించేస్తారు భాభీ!"

"అయ్ నాకూ!" అని నెత్తి కొట్టుకుని మళ్ళీ మొదలెట్టేది.

బందరులో మాత్రం తడబడకుండా చెప్పింది. అక్కడున్న అధికారి మెచ్చుకోలుగా తల ఊపాడు. గుమాస్తా చెయ్యి చాచి పాత పాస్‌పోర్టు అడిగాడు. ఇచ్చింది. ఇచ్చి, "ఒక్క నిమిషమండీ," అని మళ్ళీ తీసుకుని, దానికి కుట్టి ఉన్న మొట్టమొదటి పాస్‌పోర్టు తెరిచింది. అందులో పొట్టి జుట్టుతో ఒక అమ్మాయి, కెమెరాకి భయపడుతున్నట్టుంది.

"ఫోటో కావాలంటే జిరాక్స్ తీయించుకోండమ్మా," అన్నాడు గుమాస్తా, జాలిపడి.

"వద్దండీ. అప్పుడు నాకు జుట్టు కత్తిరించడం రాదండీ. చూడండి, ఎలా ఉందో," అని నవ్వి, పుస్తకం మూసి అతని చేతిలో పెట్టేసింది.

మామ్మగారికి బందరు లడ్డూలు కొని, బెజవాడ బస్సెక్కాం. ఇద్దరు పట్టే సీటు వెనక వరసలో దొరికింది కానీ, భాభీ గాలి కావాలని ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నేను మధ్యలో. పామర్రులో ఒక పెద్దావిడ గోనెసంచీతో ఎక్కి నా పక్కన కూర్చుంది. సంచీ సర్దుకుని, ముక్కుపొడి పీల్చుకుని, నన్ను దాటి భాభీ మొహంలోకి తొంగి చూసింది.

"ఏ ఊరమ్మా మీది?"

ఆ ప్రశ్న నేను బస్సుల్లో, కొట్లలో, ఆసుపత్రుల్లో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. భాభీ జవాబు ఒక్కటే ఉండేది, "భవానీపురమండీ." అది కాదమ్మా, అసలు ఊరు అంటే, "అసలు కూడా భవానీపురమేనండీ," అని మొహం తిప్పేసుకునేది. అడిగినవాళ్ళెవరో, ఎక్కడ రాసుకుంటారో అన్న భయం కాబోలు. నేను కూడా ఆ ప్రశ్న అడగకూడనిదని వదిలేశాను.

ఆ రోజు ఆవిడ కిటికీలోంచి ఇటు తిరిగి, నేనెప్పుడూ వినని ఒక ఊరి పేరు చెప్పింది.

"అదెక్కడమ్మా? గన్నవరం అవతలా?" అంది పెద్దావిడ.

"ఇంకా అవతలండీ. చాలా అవతల. సముద్రంలో లంకండీ."

"లంకా! వరి పండుద్దా?"

"పండుతుందండీ. కొండమీద కూడా వేస్తారండీ, మెట్లు మెట్లుగా."

"కొండమీద మడికి నీళ్ళెట్టా ఎక్కిస్తారే?"

"ఎక్కించరండీ. పైనుంచే దిగుతాయండీ," అని భాభీ నా ఒళ్ళో చేతులు పెట్టి, పై మడి, కింది మడి, మధ్యలో వెదురు గొట్టం గీసి చూపించడం మొదలుపెట్టింది. పెద్దావిడ నామీదికి వంగి చూస్తోంది. నా ఒళ్ళంతా మళ్ళు అయిపోయింది. ఆ తర్వాత ఇల్లు. కర్రల మీద నిలబెట్టిన ఇల్లు, కింద పందులు, పైన మనుషులు. ఒక గాలివానకి కప్పు లేచిపోతే, వాళ్ళమ్మ చేపలబుట్ట నెత్తిన పెట్టుకునే దాని వెంట పరిగెత్తి, రెండు వీధుల అవతల పట్టుకుని, ఆ ఇంటివాళ్ళతో "ఇది మా కప్పు" అని పోట్లాడి తెచ్చుకుందట. పెద్దావిడ నవ్వలేక సంచీ మీద వాలిపోయింది.

"మంచి గట్టి మనిషే మీ అమ్మ. ఉందా?"

"లేదండీ. పోయి మూడేళ్ళయిందండీ."

"ఆ," అని పెద్దావిడ సంచీ మూతి బిగించుకుని, "మళ్ళా ఎల్తావా అటు?" అని అడిగింది.

"వెళ్తానండీ," అంది భాభీ. "చుట్టపుచూపుగా."

ఉయ్యూరులో పెద్దావిడ దిగిపోయింది. భాభీ కబుర్లు మాత్రం ఆగలేదు. కంకిపాడు దాటినా, పొలాలు పోయి ఇళ్ళు మొదలైనా, నావైపు తిరిగి చెబుతూనే ఉంది. వాళ్ళ నాన్న పడవ, ఈత నేర్పిన మేనమామ, బడికి వెళ్ళే దారిలో ఉండే కుక్క. అన్నేళ్ళు గోడ పక్క గోడగా ఉండి, ఒక పచ్చడి రెండిళ్ళలో తిన్నవాళ్ళం, అందులో ఒక్క ముక్క కూడా నాకు తెలీదు. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగుతుంటే, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"భాభీ, మీ అమ్మగారి పేరేంటి?"

ఆవిడ మెట్టు మీదే ఆగిపోయి చెప్పింది. వెనకనుంచి జనం తోస్తుంటే, నాకు సరిగ్గా పలకడం వచ్చేదాకా ఇంకో రెండుసార్లు చెప్పింది.